చదివినట్టే ఉంటుంది, రాయబోతే రాదు

పుస్తకం ముందుంది. ఆ చాప్టర్ చదవడం ఇది మూడోసారి. ప్రతి వాక్యమూ తెలిసిందే, ప్రతి బొమ్మా చూసిందే, ఎక్కడా తడబాటు లేదు. 'ఇది వచ్చేసింది' అనుకుని పేజీ తిప్పేస్తారు. నాలుగు రోజుల తర్వాత పరీక్ష హాల్లో సరిగ్గా ఆ చాప్టర్‌లోంచే ప్రశ్న పడుతుంది. జవాబు ఎడమ చేతి పేజీలో పై భాగాన, పసుపు హైలైటర్ పూసిన చోట ఉందన్న సంగతి కూడా గుర్తుకొస్తుంది. జవాబు మాత్రం రాదు.

యూనివర్సిటీలో గ్రేడ్లు తగ్గితే బద్ధకమో, ఏకాగ్రత లేకపోవడమో కారణమని చెప్పేస్తారు. కొందరి విషయంలో అది నిజమే. కానీ రోజూ గంటల కొద్దీ కూర్చుని చదివి కూడా సగటు మార్కుల దగ్గరే ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు ఇంకో రెండు గంటలు చదవమని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. చిక్కంతా చదివే పద్ధతిలో ఉంది. చూసినదాన్ని గుర్తుపట్టడం ఒక పని, చూడకుండా గుర్తుకు తెచ్చుకోవడం మరో పని. చదువుతున్నంతసేపూ మనం మొదటిదాన్ని సాధన చేస్తాం. పరీక్ష రెండోదానికి మార్కులు వేస్తుంది.

2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడాను కొలిచారు. కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేసి, ఒక చిన్న పాఠం ఇచ్చి, నాలుగు విడతలు కేటాయించారు. మొదటి గుంపు నాలుగు విడతలూ చదివింది. రెండో గుంపు మూడు విడతలు చదివి, నాలుగో విడతలో చూడకుండా గుర్తున్నదంతా రాసింది. మూడో గుంపు ఒక్క విడతే చదివి, మిగతా మూడూ చూడకుండా రాయడానికే వాడింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదువుతూ పోయిన మొదటి గుంపుదే పైచేయి: 83 శాతం, 78 శాతం, 71 శాతం. అదే పరీక్ష వారం తర్వాత పెడితే వరుస తిరగబడింది: 40, 56, 61. మొదటి గుంపువాళ్ళు ఆ పాఠాన్ని సగటున 14 సార్లు చదివారు, మూడో గుంపువాళ్ళు మూడు నాలుగు సార్లకు మించి చదవలేదు. ఇంకో చిత్రం కూడా ఉంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందో ముందే అంచనా వేయమంటే, తమకే బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమా చూపినవాళ్ళు మొదటి గుంపువాళ్ళు.

కాబట్టి 'వచ్చేసింది' అన్న భావన సాక్ష్యం కాదు. కళ్ళు తేలిగ్గా కదిలిపోతుంటే మెదడు ఆ తేలికనే జ్ఞానంగా లెక్కేసుకుంటుంది. చూడకుండా రాస్తే పని బరువుగా సాగుతుంది, తప్పులు బయటపడతాయి, ఏమీ రాదేమోనని గుండె జారుతుంది. అందుకే మంచి పద్ధతి చేతిలో ఉన్నా చాలామంది రెండు రోజుల్లో వదిలేసి హైలైటర్ దగ్గరికి తిరిగి వెళ్ళిపోతారు. 2013లో జాన్ డన్‌లోస్కీ బృందం పది చదువు పద్ధతులను పరిశీలించి ఉపయోగాన్ని బట్టి వర్గీకరించింది. తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, ఎడం ఇచ్చి (ఒకేసారి కాకుండా మధ్యలో రోజులు వదిలి) చదవడం అన్న రెండింటికే పై వరుస దక్కింది. హైలైట్ చేయడం, మళ్ళీ మళ్ళీ చదవడం అట్టడుగున నిలిచాయి. విద్యార్థులు ఎక్కువగా వాడేవి ఆ అట్టడుగువే.

ముందు మార్కులు ఎక్కడ పోయాయో చూడాలి

పద్ధతి మార్చే ముందు పాత జవాబు పత్రాలు తెచ్చుకోవాలి. దిద్దినవి చేతికిచ్చే చోటైతే గత సెమిస్టర్‌వి రెండో మూడో చాలు. ఇవ్వకపోతే క్విజ్‌లు, మిడ్ పరీక్షల పేపర్లు, అసైన్‌మెంట్లు ఉంటాయి. పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం రాయాలి. కారణాలు మహా అయితే నాలుగే. అసలు ఆ భాగం చదవలేదు. చదివాను, సమయానికి గుర్తు రాలేదు. విషయం తెలుసు, ఈ ప్రశ్నకు దాన్నే వాడాలని తట్టలేదు. తెలుసు, తట్టింది కూడా, చేతి పొరపాటు జరిగింది లేదా టైము చాలలేదు.

అరగంట కూడా పట్టని ఈ పని మొత్తం ప్రణాళికను మార్చేస్తుంది. మొదటి రకం ఎక్కువగా ఉంటే చిక్కు సిలబస్ పూర్తి చేయడంలో, అంటే టైము పంచుకోవడంలో ఉన్నట్టు. రెండో రకానికి చూడకుండా రాయడం, ఎడం ఇవ్వడం మందు. మూడోదానికి రకరకాల ప్రశ్నలు కలగలిపి చేయడం తప్ప దారి లేదు. నాలుగోదానికి గడియారం పెట్టుకుని పాత పేపర్లు రాయాలి. లెక్కల పేపర్లో మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు చాలాసార్లు 'సిల్లీ మిస్టేక్' అని సర్దిచెప్పుకుంటారు. కారణం రాస్తూ పోతే అందులో సగం మూడో రకమని తేలుతుంది. సూత్రం తప్పుగా ఎంచుకోవడం చేతి పొరపాటు కాదు.

ఇంకో లెక్క గ్రేడ్లది. గ్రేడ్ సగటు క్రెడిట్లను బట్టి తూగుతుంది. 4 క్రెడిట్ల సబ్జెక్టులో ఒక గ్రేడ్ పాయింట్ పెరిగితే సగటుకు కలిసొచ్చేది 2 క్రెడిట్ల సబ్జెక్టులో పెరిగినదానికి రెట్టింపు. ఇష్టమైన చిన్న సబ్జెక్టు మీద వారమంతా గడిపి పెద్దదాన్ని గాలికి వదిలేసేవాళ్ళు ఈ గుణకారం చేసి ఉండరు.

10 పాయింట్ల స్కేల్‌లో ఇప్పటిదాకా 80 క్రెడిట్లు, సగటు 6.5 అనుకుందాం. వచ్చే 20 క్రెడిట్లలో 8.0 తెచ్చుకుంటే (80×6.5 + 20×8.0) ÷ 100, అంటే 6.8 అవుతుంది. పదికి పది వచ్చినా 7.2 దగ్గరే ఆగుతుంది. అదే రెండో సెమిస్టర్‌లో, వెనక 20 క్రెడిట్లు మాత్రమే ఉన్నప్పుడు అదే 8.0 తెస్తే సగటు 6.5 నుంచి 7.25కి లేస్తుంది. చివరి ఏడాదిలో ఎంత చదివినా సగటు కదలడం లేదని నిరాశపడేవాళ్ళు తమ చదువు చూసి దిగాలు పడక్కర్లేదు, చిక్కు ఆ లెక్కలోనే ఉంది. అలాంటప్పుడు సెమిస్టర్ సగటునే కొలమానంగా పెట్టుకోవడం మేలు.

ఒక్క సబ్జెక్టు లోపల కూడా ఇదే తీరు. ఇంటర్నల్స్‌కు 40, ఫైనల్‌కు 60 ఉన్నచోట 80 మార్కులు కావాలనుకుంటే, ఇంటర్నల్స్‌లో 34 వచ్చినవాళ్ళకు ఫైనల్‌లో 46 చాలు. 22 వచ్చినవాళ్ళకు 60కి 58 కావాలి. అసైన్‌మెంట్ రెండు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకునే ముందు ఈ తీసివేత చేసి చూడాలి. సెమిస్టర్‌లో అన్నిటికంటే చవగ్గా దొరికే మార్కులు ఇంటర్నల్స్‌వే.

చూడకుండా రాయడం ఎలా

ఖర్చు లేని పద్ధతి తెల్ల కాగితం. ఒక విభాగాన్ని, అంటే పది పన్నెండు పేజీలకు మించనిదాన్ని, 25 నుంచి 30 నిమిషాలు శ్రద్ధగా చదవాలి. పుస్తకం మూసి ఐదు నిమిషాలు లేచి తిరిగి రావాలి. వెంటనే రాస్తే ఇంకా చెవుల్లో మోగుతున్న వాక్యాలే కాగితం మీదికి వస్తాయి, అది పరీక్ష కాదు. తర్వాత పది నిమిషాల్లో గుర్తున్నదంతా రాయాలి: నిర్వచనాలు, మెట్లు, బొమ్మ, ఏది దేనికి కారణమన్నది. వరుస తప్పినా ఫర్వాలేదు. రాయడం ఆగిపోయాక ఇంకో రెండు నిమిషాలు కాగితం వైపు చూస్తూ ఊరుకోవాలి. చాలాసార్లు ఆ రెండు నిమిషాల్లోనే ఇంకో నాలుగు విషయాలు పైకి తేలుతాయి. అప్పుడు పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ వేరే రంగు పెన్నుతో కలపాలి. ఆ రెండో రంగే రేపటి పాఠం. మర్నాడు అధ్యాయమంతా తిరగేయనక్కర్లేదు, ఆ రంగు అక్షరాలను మాత్రం మళ్ళీ చూడకుండా రాయాలి.

ఇది ఎక్కడ చెడుతుందంటే, మధ్యలో తొంగిచూడటం దగ్గర. ఒక పదం తట్టక పుస్తకం కొంచెం తెరుస్తారు, 'ఆ, ఇదే కదా, నాకు తెలుసు' అనుకుని మూసేస్తారు. ఆ క్షణంలో జరిగింది గుర్తుపట్టడం. తట్టని చోట ఖాళీ గీత గీసి ముందుకు పోవాలి, సరిచూసుకోవడం చివర్లోనే.

ఫ్లాష్ కార్డులు, అంటే ముందువైపు ప్రశ్న, వెనక జవాబు ఉండేవి, నిర్వచనాలకు, సూత్రాలకు, పేర్లకు, రసాయన చర్యలకు బాగా పనికొస్తాయి. కాగితం ముక్కలైనా సరే, అంకీ లాంటి ఆప్ అయినా సరే. అయితే కార్డు తయారీలోనే చాలామంది దెబ్బతింటారు. 'కిరణజన్య సంయోగక్రియ గురించి వివరించుము' అని ముందువైపు, వెనక రెండు పేరాలు రాస్తే అది కార్డు కాదు, గైడు ముక్క. దానికి జవాబు సగం చెప్పి, వచ్చిందనుకుని పక్కన పెట్టేస్తాం. ఒక కార్డుకు ఒకే ప్రశ్న, జవాబు ఒకటి రెండు వాక్యాల్లో ముగిసేది ఉండాలి. 'కాంతి చర్యల్లో విడుదలయ్యే ఆక్సిజన్ ఏ పదార్థం నుంచి వస్తుంది?' అంటే జవాబు 'నీటి నుంచి'. అలాంటివి పది చేశాక 'ఎందుకు', 'అది లేకపోతే ఏమవుతుంది' అని అడిగే కార్డులు మూడు నాలుగు కలపాలి. లేకపోతే ముక్కలన్నీ నోటికొచ్చి, వాటి మధ్య లంకె రాదు.

ఒకసారి సరిగ్గా చెప్పగానే ఆ కార్డును పక్కన పడేయడం రెండో పొరపాటు. కార్పికీ, రోడిగర్ 2008లో 40 స్వాహిలీ పదాల జంటలతో ఈ విషయాన్నే పరీక్షించారు. ఒకసారి చెప్పగలిగిన పదాన్ని మళ్ళీ అడగడం మానేసిన గుంపులకు వారం తర్వాత మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే గుర్తుంది. ఆపకుండా అడుగుతూ పోయిన గుంపులకు 80 శాతం దాకా గుర్తుంది. ఒకసారి వచ్చింది కదా అన్నది చాలదు. వేర్వేరు రోజుల్లో కనీసం మూడు సార్లు సరిగ్గా వచ్చాకే ఆ కార్డును వెనక్కి జరపాలి.

ఎంత ఎడం ఇవ్వాలి

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల జట్లను తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటలోనే వేగంగా సాగి, తర్వాత నెమ్మదిస్తుందని ఆ గీత చెబుతుంది. దాన్ని పట్టుకుని 'ఒక రోజులో 70 శాతం మరిచిపోతారు' అని భయపెట్టే బొమ్మలు తెగ తిరుగుతుంటాయి. అవి అర్థం లేని అక్షరాలకు వచ్చిన అంకెలని ఆ బొమ్మల్లో ఉండదు. అర్థమై, పాత విషయాలతో ముడిపడిన పాఠం అంత వేగంగా జారిపోదు. గీత ఆకారం మాత్రం నిజం. జారిపోవడం మొదలయ్యాక, పూర్తిగా పోకముందు, కష్టపడి వెనక్కి లాగితే ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది.

ఆ వెనక్కి లాగడం ఎప్పుడన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2008లో నికొలస్ సెపేడా బృందం 1,350 మందికి పైగా జనంతో చేసిన పరిశీలనలో, పరీక్ష 7 రోజుల దూరంలో ఉంటే రెండు చదువుల మధ్య ఒక రోజు ఎడం, 35 రోజుల దూరంలో ఉంటే సుమారు 11 రోజుల ఎడం బాగా పనిచేశాయి. ఇంత కచ్చితత్వం విద్యార్థికి అక్కర్లేదు. మూడు నెలల సెమిస్టర్‌లో పాఠం విన్న మర్నాడు ఒకసారి, నాలుగో రోజున ఒకసారి, పదో రోజున ఒకసారి, తర్వాత మూడు వారాలకు ఒకసారి చూడకుండా రాస్తే సరిపోతుంది. మొదటిసారికి పావుగంట పడితే, నాలుగోసారికి ఐదు నిమిషాలు చాలు.

కాగితం మీద ఎంతో బాగుండే ఈ ఏర్పాటు మూడో వారానికి కూలిపోతుంది. కారణం ఒకటే: బాకీ. ఐదు సబ్జెక్టులు, రోజూ కొత్త పాఠాలు, వాటికి తోడు పాతవాటి వాయిదాలు. ఒక రెండు రోజులు ఊరికి వెళ్ళొస్తే ఇరవై వాయిదాలు పేరుకుని భయపెడతాయి, ఇక పుస్తకం తెరవబుద్ధి కాదు. కాబట్టి మొదటి నుంచే రోజుకు పరిమితి పెట్టుకోవాలి: పాత పాఠాలకు 40 నిమిషాలు, అంతే. ఆ 40 నిమిషాల్లో పట్టినన్ని చూసి, మిగిలినవాటిలో సులువైనవి నిర్మొహమాటంగా కొట్టేయాలి. నాలుగుసార్లు కాకుండా రెండుసార్లు చూసిన పాఠం కూడా, పరీక్ష ముందు రోజు ఐదు గంటలు ఏకధాటిగా చదివిన పాఠం కంటే నిలుస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన కార్డుల పెట్టె పద్ధతి ఈ ఎంపికను తనంతట తనే చేసేస్తుంది. జవాబు వచ్చిన కార్డు వెనక గదిలోకి పోయి ఆలస్యంగా తిరిగొస్తుంది, రాని కార్డు మొదటి గదికి వచ్చేసి మర్నాడే ఎదురవుతుంది. కష్టమైనవే ఎక్కువసార్లు చేతికి తగులుతాయి.

లెక్కలున్న సబ్జెక్టుల్లో చిక్కు

లెక్కలు, ఫిజిక్స్, ఇంజనీరింగ్, స్టాటిస్టిక్స్, అకౌంట్స్ లాంటి సబ్జెక్టుల్లో చదివే తీరు వేరు, అక్కడి మోసమూ వేరు. చేసి ఉన్న లెక్కను వరుసగా చదివితే ప్రతి మెట్టూ సబబుగానే ఉంటుంది, తల ఊపుతూ పోతాం. పెన్ను పట్టుకుంటే మొదటి మెట్టే తెలియదు. పుస్తకంలో మొదటి మెట్టు ఎవరో మనకోసం ఎంచుకుని పెట్టారు. పరీక్షలో ఎంచుకోవడమే పని.

చాప్టర్ వెనక ఉండే అభ్యాసాల వరుస కూడా ఈ పనిని దాచేస్తుంది. ఒకే సూత్రంతో వచ్చే ఇరవై లెక్కలు చేస్తే, మూడో లెక్క నుంచి ఏ సూత్రం వాడాలన్న ఆలోచనే ఉండదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కట్టడం నేర్చుకున్నారు. ఒక్కో రకం లెక్కలు ఒకేచోట చేసినవాళ్ళకు సాధన చేస్తున్నప్పుడు 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలగలిపి చేసినవాళ్ళకు 60 శాతమే. వారం తర్వాతి పరీక్షలో మొదటివాళ్ళకు 20 శాతం, కలగలిపి చేసినవాళ్ళకు 63 శాతం. సాధనలో తప్పులు తక్కువ రావడాన్ని చూసి మురిసిపోవడం ఎంత ప్రమాదమో ఇంతకంటే సూటిగా చెప్పే అంకెలు అరుదు.

ఆచరణలో ఇలా చేయొచ్చు. కొత్త పద్ధతి నేర్చుకున్న రోజు ఆ రకంవే నాలుగైదు లెక్కలు వరుసగా చేయాలి, చేయి కుదిరేదాకా వరుస అవసరమే. మర్నాటి నుంచి గత మూడు చాప్టర్లలోని లెక్కల నంబర్లను చీటీల మీద రాసి కలిపేసి, చూడకుండా ఎనిమిది తీయాలి. ప్రతి లెక్కకూ ముందు ఒక వాక్యం రాయాలి: 'ఇందులో ఫలానాది స్థిరంగా ఉంది కాబట్టి ఫలానా సూత్రం.' టైము తక్కువగా ఉన్న రోజున ఆ వాక్యాలు రాసి, లెక్కలు పూర్తి చేయకుండా వదిలేసినా లాభమే.

చిక్కుకుపోతే ఎంతసేపు ఆగాలన్నది అందరూ అడిగేదే. పదిహేను నిమిషాలు సరిపోతుంది, అదీ ఊరికే చూస్తూ కాదు. తెలిసినవేమిటి, కావాల్సిందేమిటి, ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసుకుంటూ. తర్వాత సొల్యూషన్ తెరిచి, తట్టని ఆ ఒక్క మెట్టు వరకే చదివి, మూసేసి, మిగతాది సొంతంగా చేయాలి. చివరిదాకా చదివేస్తే ఆ లెక్క వృథా అయినట్టే. చూసి చేసిన ప్రతి లెక్క నంబరూ ఒక పట్టీలో వేసి, మూడు రోజుల తర్వాత ఏమీ చూడకుండా మొదటి నుంచి మళ్ళీ చేయాలి. ఈ పట్టీ ఉన్నవాళ్ళకు పరీక్ష ముందు ఏం చదవాలో వెతుక్కునే పని ఉండదు.

క్లాసు, నోట్సు

క్లాసుకు వెళ్ళడం గురించి చెబితే నీతిపాఠంలా వినిపిస్తుంది గానీ అంకెలు బలంగా ఉన్నాయి. మార్కస్ క్రెడే తదితరులు 2010లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, కాలేజీ గ్రేడ్లతో హాజరుకున్న సంబంధం ప్రవేశ పరీక్షల మార్కులకున్న దానికంటే గట్టిగా ఉంది. ఏది ముఖ్యమో, ఏది పరీక్షలో అడగరో క్లాసులోనే తెలుస్తుంది.

నోట్సు ల్యాప్‌టాప్‌లో రాయాలా, చేత్తో రాయాలా అన్న వాదన ఎప్పటికీ తెగేలా లేదు. చేత్తో రాయడమే మేలని 2014లో వచ్చిన పరిశోధన బాగా పేరు తెచ్చుకుంది, తర్వాత అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసినవాళ్ళకు అంత తేడా కనిపించలేదు. ఎందులో రాసినా, చెప్పిందంతా దింపేసుకుంటే మెదడుకు పని ఉండదు. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ రూపొందించిన పేజీ అమరిక ఇక్కడ పనికొస్తుంది. ఎడమ పక్క రెండున్నర అంగుళాలు ఖాళీగా వదిలి, కుడివైపు నోట్సు రాసుకుంటారు. అదే రోజు సాయంత్రం ఆ ఖాళీలో ప్రశ్నలు రాయాలి. తర్వాత కుడివైపు కాగితంతో మూసి, ప్రశ్నలు చూసి జవాబులు చెప్పుకోవాలి. చాలామంది ఎడమ పక్క హెడ్డింగులు రాసి వదిలేస్తారు. హెడ్డింగ్ దేన్నీ అడగదు కాబట్టి అమరిక ఉండి కూడా పని జరగదు.

ప్రశ్నలతో, చర్చలతో నడిచే క్లాసులో 'ఏమీ నేర్చుకోలేదు' అనిపించడం కూడా ఈ కోవలోదే. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో పోల్చి చూసి 2019లో ప్రచురించిన పరిశీలనలో, అలాంటి క్లాసులో కూర్చున్నవాళ్ళు తాము తక్కువ నేర్చుకున్నామని చెప్పారు, పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. నున్నగా సాగిపోయే లెక్చర్ విని 'అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు' అని మెచ్చుకునే ముందు, ఆ సాయంత్రం తెల్ల కాగితం మీద ఎంత వస్తుందో చూడాలి.

టైమ్‌టేబుల్ ఎందుకు నిలవదు

రోజర్ బ్యూలర్ తదితరులు 1994లో ప్రచురించిన పరిశీలనలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్ళలో పూర్తి చేస్తారని అడిగారు. సగటు అంచనా దాదాపు 34 రోజులు. అంతా ఎదురు తిరిగితే ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే 49 రోజుల దాకా అన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. అంటే తామే ఊహించిన అధ్వాన్నపు లెక్కకు కూడా అందలేదు. అంచనా వేసేటప్పుడు పని సవ్యంగా సాగే దృశ్యాన్నే చూస్తాం, గత అసైన్‌మెంట్‌కు ఎన్నాళ్ళు పట్టిందో చూడం. కాబట్టి వచ్చే వారం టైమ్‌టేబుల్ వేసే ముందు, ఈ వారం నిజంగా ఎన్ని గంటలు చదివారో రాసుకోవాలి. 14 గంటలు చదివినవాళ్ళు 40 గంటల పట్టిక వేస్తే అది గోడకు అతికించుకునే బొమ్మ మాత్రమే. 17 గంటలకు వేసి నిలబెట్టుకోవడం నయం.

'రేపు ఎలక్ట్రానిక్స్ చదవాలి' అని రాస్తే రేపు ఏ పని మొదలుపెట్టాలో తెలియదు. 'ఆరు గంటలకు టిఫిన్ ప్లేటు కడిగి పెట్టగానే, హాల్లో బల్ల దగ్గర, డయోడ్ సెక్షన్ తెల్ల కాగితం మీద' అని రాస్తే నిర్ణయించాల్సింది ఏదీ మిగలదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని తర్వాత అని ముడిపెట్టిన సంకల్పాలు ఊరికే అనుకున్నవాటికంటే ఎక్కువగా నెరవేరతాయని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి. ఫోన్ సంగతి తెలిసిందే: సైలెంట్‌లో పెట్టడం కాదు, వేరే గదిలో పెట్టడం.

నిద్ర గురించి ఒక్క మాట. అమెరికాలోని ఎంఐటీలో ఒక కెమిస్ట్రీ క్లాసు విద్యార్థుల చేతికి సెమిస్టర్ అంతా ఫిట్‌బిట్‌లు (నిద్రను కొలిచే పట్టీలు) తొడిగి చూసి 2019లో ప్రచురించిన పరిశీలనలో, పరీక్ష ముందు రాత్రి నిద్రకూ మార్కులకూ సంబంధం కనిపించలేదు. అంతకు ముందు వారాల నిద్రకు, మరీ ముఖ్యంగా అది రోజూ ఒకే తీరుగా ఉండటానికి, మార్కులకు సంబంధం కనిపించింది. ఆ ఒక్క రాత్రి పది గంటలు పడుకుని నెలరోజుల బాకీ తీర్చేద్దామనుకుంటే కుదరదన్నమాట.

పాత పేపర్లు, హాల్లో మూడు గంటలు

పాత ప్రశ్నపత్రాలను పరీక్షకు రెండు రోజుల ముందు 'ఏవి వస్తాయో చూద్దాం' అని తిరగేస్తారు. వాటి అసలు విలువ మొదటి నెలలో. నాలుగైదేళ్ళ పేపర్లు పక్కపక్కన పెట్టి, ఏ యూనిట్ నుంచి ఎన్ని మార్కులు పడుతున్నాయో, ప్రశ్న 'నిర్వచించండి' అంటోందా, 'పోల్చండి' అంటోందా, 'రుజువు చేయండి' అంటోందా చూస్తే, ఏ పాఠాన్ని ఏ రూపంలో చదవాలో తెలుస్తుంది. పోలిక అడిగే చోట రెండు నిర్వచనాలు విడివిడిగా రాసి సగం మార్కులతో సరిపెట్టుకునేవాళ్ళు ఎందరో. కనీసం రెండు పేపర్లను మాత్రం ముట్టుకోకుండా దాచి, చివరి పది రోజుల్లో పూర్తి టైము పెట్టుకుని రాయాలి.

మూడు గంటల పేపర్లో 180 నిమిషాలు. ప్రశ్నలు చదివి ఎంచుకోవడానికి 10, చివర్లో సరిచూడటానికి 15 తీసేస్తే 155 మిగులుతాయి. వంద మార్కులకు పంచితే మార్కుకు ఒకటిన్నర నిమిషం, పది మార్కుల ప్రశ్నకు పదిహేను నిమిషాలు. బాగా వచ్చిన ప్రశ్న దగ్గరే టైము మించుతుంది, రాని ప్రశ్న దగ్గర కాదు. వచ్చింది కదా అని ముప్పై నిమిషాలు రాస్తే ఏడు మార్కులు ఎనిమిదవుతాయి, చివర్లో ఒక పది మార్కుల ప్రశ్న ఖాళీగా మిగులుతుంది. ఏ జవాబులోనైనా మొదటి ఐదు మార్కులు చవక, చివరి రెండూ ఖరీదు. పదిహేనో నిమిషం రాగానే అర పేజీ వదిలి తర్వాతి ప్రశ్నకు పోవాలి, తిరిగొచ్చే వీలుంటే పూర్తి చేయొచ్చు.

పరీక్ష అయ్యాక స్నేహితులతో జవాబులు పోల్చుకునే ముందే, ఆ సాయంత్రం పదిహేను నిమిషాలు కూర్చుని ఏ ప్రశ్నలో ఎక్కడ ఆగిపోయారో, పైన చెప్పిన నాలుగు కారణాల్లో అది ఏదో రాసి పెట్టుకోవాలి. దిద్దిన పేపరు వచ్చేసరికి నెల గడుస్తుంది, అప్పటికి ఎందుకు ఆగిపోయారో గుర్తుండదు.